పేరు పెట్టి పిలిచే బడి

విలువల గురించి మాట్లాడని బడి లేదు. పిల్లల మనసు గురించి పట్టించుకోమని చెప్పని సర్క్యులర్ లేదు. ఈ రెండూ ఒకే పని అంటూ వచ్చాయి మన కతోలిక బడులు. ఆ మాట మీద ఎంతవరకు నిలబడ్డాయి?

పదో తరగతి టైంటేబుల్లో జూన్‌లో ఉండి, సంక్రాంతి సెలవులు అయ్యేసరికి కనిపించకుండా పోయే పీరియడ్ ఒకటుంది. అదే మోరల్ సైన్స్. దానికి బోర్డు పరీక్ష లేదు. సిలబస్ మిగిలిపోయిందని లెక్కల మాస్టారు అడిగితే మొదట పోయేది అదే. కాన్వెంటు బడిలో చదువుకున్నవాళ్ళను ఎవరిని కదిపినా ఆ పీరియడ్ గురించి ఏదో ఒకటి చెబుతారు. కతోలిక పిల్లలు సత్యోపదేశానికి వేరే గదికి వెళ్ళిపోయేవారు. హిందువులు, ముస్లింలు, ఇతర సంఘాల క్రైస్తవులు కలిసి మిగిలేవారు. పుస్తకంలో ఓ కథ, కింద నాలుగు ప్రశ్నలు. ఆ కథలు చాలామందికి గుర్తులేవు. గుర్తున్నదల్లా, సిస్టర్ గారు పుస్తకం మూసి, "మీ నాన్నగారికి ఒంట్లో ఎలా ఉందమ్మా?" అని అడగడం.

ఆ ప్రశ్నకు బడిలో ఇంకెక్కడా చోటు దొరకదు. లెక్కల క్లాసులో అడగడానికి తీరిక ఉండదు. ప్రోగ్రెస్ కార్డు ఇచ్చే రోజు అడిగితే పిల్లకి అది మార్కుల గురించిన ప్రశ్నలాగే వినబడుతుంది. విలువలను గోడ మీద రాయించేసి, పిల్లల మనసును కౌన్సెలర్‌కి అప్పగించేసి, రెండూ రెండు వేర్వేరు పనులని అనుకోవడం మొదలయ్యాక మన బడులు పోగొట్టుకున్నది ఆ ప్రశ్ననే అని నా నమ్మకం.

జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కల్లో 2022లో దేశం మొత్తం మీద 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. అదే ఏడాది పరీక్ష తప్పడమే కారణమని నమోదైన మరణాలు 2,248. ఈ అంకెలను సుప్రీంకోర్టు 2025 జూలై 25న ఇచ్చిన ఒక తీర్పులో ఉటంకించింది. ఆ కేసుకు మూలం మన విశాఖపట్నం. నీట్ శిక్షణ కోసం వేరే రాష్ట్రం నుంచి వచ్చి 2023లో ఇక్కడ ప్రాణం కోల్పోయిన 17 ఏళ్ల అమ్మాయి తండ్రి న్యాయం కోసం కోర్టుకెక్కాడు. చట్టం వచ్చేదాకా అమల్లో ఉండేలా కోర్టు 15 మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత గల కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో కనీసం ఒకరు ఉండాలి. వీలైనంత వరకు మార్కులను బట్టి పిల్లల్ని బ్యాచ్‌లుగా విడగొట్టకూడదు. నలుగురి ముందు అవమానించకూడదు. టెలి మానస్ వంటి హెల్ప్‌లైన్ల నంబర్లు అందరికీ కనబడేలా పెద్ద అక్షరాలతో పెట్టాలి. టెలి మానస్ నంబరు 14416. ఏ వేళలోనైనా ఉచితంగా తెలుగులో మాట్లాడవచ్చు. ఇది చదువుతున్న వారి ఇంట్లో ఏ బిడ్డ అయినా కుమిలిపోతున్నట్టు అనిపిస్తే ఆ నంబరు ఈ రోజే రాసిపెట్టుకోండి.

కోర్టు చెప్పినవన్నీ కావలసినవే. కాకపోతే పదమూడేళ్ల పిల్లాడు, తలుపు మీద 'కౌన్సెలర్' అని బోర్డున్న గదిలోకి, తోటి పిల్లలు చూస్తుండగా, తనంతట తానే నడిచి వెళ్ళడం చాలా అరుదు. వాడిని అక్కడి దాకా ఎవరో ఒకరు తీసుకెళ్ళాలి. ఆ ఒకరు ముందే వాడికి తెలిసినవాళ్ళయి ఉండాలి.

ఆటస్థలంలో గురువు

ఇదే మాటను ఇటలీలోని టురిన్ నగరంలో ఒక ఫాదర్ గారు నూట ఎనభై ఏళ్ల కిందట మరో దారిలో కనుక్కున్నారు. జాన్ బోస్కో 1841లో గురువుగా అభిషేకం పొందిన కొత్తలో ఆ ఊరి జైళ్ళకు వెళ్ళేవారు. అక్కడ పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ల కుర్రాళ్ళు కనబడ్డారు. పల్లెల నుంచి పనికోసం వచ్చి, తాపీ పనిలోనో ఫ్యాక్టరీలోనో కుదురుకోలేక, దొంగతనాల్లో పట్టుబడినవాళ్ళు. విడుదలైనవాళ్ళే మళ్ళీ మళ్ళీ లోపలికి రావడం చూశాక ఆయనకు ఒకటి అర్థమైంది: వీళ్ళ గురించి పట్టించుకునే మనిషి బయట ఒక్కరున్నా వీళ్ళిక్కడికి వచ్చేవాళ్ళు కారు. 1846లో వాల్డొకో పేటలో ఒక పాక అద్దెకు తీసుకుని ఆటలు, చదువు, ప్రార్థన కలిపి మొదలుపెట్టారు. సలేషియన్ సభ అందులోంచే పుట్టింది.

తన పద్ధతి గురించి ఆయన రాసింది చాలా తక్కువ. 1877లో కొద్ది పేజీల చిన్న వ్యాసం ఒకటి రాశారు. తప్పు చేశాక శిక్షించడం ఒక పద్ధతి, తప్పు చేసే అవకాశం రాకుండా పిల్లల పక్కన ఉండటం ఇంకో పద్ధతి, రెండోదే తనదని అందులో చెప్పారు. దానికి మూడు ఆధారాలు: నచ్చజెప్పే వివేకం, భక్తి, వాత్సల్యం. ఆచరణలో దాని రూపం మరీ సాదాసీదా. విరామంలో టీచర్లు స్టాఫ్ రూంలో కూర్చోరు, పిల్లలతో ఆటస్థలంలో ఉంటారు. రాత్రి పడుకునే ముందు అందరినీ కూర్చోబెట్టి రెండు మూడు నిమిషాలు ఆప్యాయంగా మాట్లాడి పంపిస్తారు. ఆ 'గుడ్‌నైట్' మాట ఈనాటికీ సలేషియన్ హాస్టళ్ళలో ఉంది. డే స్కూళ్ళలో అది పొద్దుటి 'గుడ్‌మార్నింగ్' మాటగా మారింది.

నన్ను బాగా పట్టుకున్నది 1884 మే నెలలో ఆయన రోమ్ నుంచి తన బడికి రాసిన ఉత్తరం. అప్పటికి ఆయన వృద్ధుడు, జబ్బుమనిషి. బడి పెద్దదైంది, పేరొచ్చింది, క్రమశిక్షణ ఉంది. అయినా ఏదో పోయిందని ఆయన బాధ. పెద్దలు ఆటస్థలం వదిలేశారని, పిల్లలకూ పెద్దలకూ మధ్య అడ్డుగోడ లేచిందని, పిల్లల్ని ప్రేమించడం చాలదు, తాము ప్రేమించబడుతున్నామని పిల్లలకే తెలియాలని ఆ ఉత్తరం సారాంశం. బడికి పేరు రావడం, బడి దూరం కావడం ఒకేసారి జరుగుతాయని తన సొంత సంస్థ గురించి ఆయన గుర్తించారు. మన పట్టణాల్లో పేరుమోసిన ప్రతి కాన్వెంటు బడి ఆ ఉత్తరాన్ని ఏడాదికోసారి స్టాఫ్ మీటింగులో చదువుకోవాలి.

ఆయన శిష్యులు 1906లో తంజావూరు వచ్చారు. 1992లో సలేషియన్లకు హైదరాబాద్ కేంద్రంగా ప్రావిన్స్ ఏర్పడింది. అంతకుముందే 1989లో విజయవాడలో నవజీవన్ మొదలైంది. రైల్వే జంక్షన్‌లో దిగి, ఎటు వెళ్ళాలో తెలియని పిల్లల దగ్గరకు తామే వెళ్ళి మాట్లాడటం ఆ పని. టురిన్ జైళ్ళలో మొదలైన ఆలోచన బెజవాడ ప్లాట్‌ఫాం మీదికి రావడానికి పెద్దగా ఏమీ మారాల్సిన అవసరం రాలేదు.

ఫిరంగిపురం నుంచి

తెలుగునాట కతోలిక బడి అనగానే ఎర్ర ఇటుకల భవనం, ఇంగ్లీషు మీడియం, సీటు కోసం క్యూ గుర్తొస్తాయి. విశాఖలో సెయింట్ అలోషియస్ 1847లో, హైదరాబాద్‌లో ఆల్ సెయింట్స్ 1855లో, రోజరీ కాన్వెంట్ 1904లో మొదలయ్యాయి. ఆ పేర్లు అందరికీ తెలుసు. అంతగా తెలియని పేరు గుంటూరు జిల్లా ఫిరంగిపురానికి చెందిన జ్ఞానమ్మ. భర్త పోయిన తర్వాత, 1860లలో, ఆడపిల్లలకు, అందులోనూ దళిత ఆడపిల్లలకు చదువు చెప్పడానికి పూనుకున్న తెలుగు గృహిణి. విదేశీ మిషనరీ కాదు, మఠకన్యా కాదు, పిల్లల్ని కన్న తల్లి. ఆమె ప్రేరణతో పుట్టిన సెయింట్ ఆన్స్ సిస్టర్లు నేటికీ బడులు నడుపుతున్నారు. అక్షరం రానివ్వని కాలంలో ఒక పిల్లను 'నువ్వూ రావచ్చు' అని పిలవడం, ఆ పిల్ల క్షేమం గురించి అప్పటికి ఎవరైనా చేయగలిగిన అతిపెద్ద పని.

కృష్ణా, గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఆర్‌సీఎం (రోమన్ కతోలిక్ మిషన్) బడి అంటే ఇప్పటికీ గుర్తుపడతారు. విచారణ గుడి పక్కన రెండు గదుల బడి. ఎయిడెడ్ పోస్టులు ఖాళీ అయితే నింపేవారు లేక వాటిలో చాలా నీరసించిపోయాయి. కతోలిక బడి తెలుగు సమాజానికి చేసిన మేలు ఎక్కువగా జరిగింది ఈ పేరులేని బడుల్లోనే. 2022లో కార్డినల్ అయిన తొలి తెలుగువారు, హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల అంథోని, కర్నూలు ప్రాంతపు పేద దళిత కుటుంబంలో పుట్టారు. ఏడో తరగతి తర్వాత చదువు ఆపేయాల్సి వస్తే మిషనరీలు ఆయనను కడపకు తీసుకెళ్ళి చదివించారు. బడి మానేసిన పిల్లాడి గురించి ఎవరో పట్టించుకున్నారు. ఇంటర్వ్యూ పెట్టి పిల్లల్ని ఏరుకునే బడిలో ఆ పని జరగదు. ఎల్‌కేజీ సీటుకు తల్లిదండ్రుల ఇంగ్లీషును పరీక్షించే కతోలిక బడులు తమ మూలాన్నే కాదంటున్నాయని చెప్పక తప్పదు.

అందరివీ అయితేనే విలువలు

2011 జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభాలో క్రైస్తవులు 1.34 శాతం. కాబట్టి మన కతోలిక బడిలో ఏ తరగతికి వెళ్ళి చూసినా ఎక్కువమంది హిందువుల పిల్లలే. పాఠం చెప్పే టీచర్లు కూడా అంతే. సిస్టర్ల సంఖ్య తగ్గిపోతోంది. చాలా బడుల్లో ప్రిన్సిపాల్, మరో ఇద్దరు ముగ్గురు తప్ప మిగిలినదంతా గృహస్థులైన టీచర్లే. అంటే ఏసుప్రభువు పేరున నడిచే బడి విలువలను రోజూ పిల్లలకు అందిస్తున్నది లక్ష్మి టీచరో, రహీమ్ సారో. వాళ్ళు ఆ విలువలను తమవిగా అనుకోకపోతే బడిలో విలువలు లేనట్టే. వాళ్ళకు చాలీచాలని జీతమిచ్చి పిల్లలకు న్యాయం గురించి చెప్పమనడమూ కుదరదు. పిల్లలు ముందు గమనించేది టీచరుతో బడి ఎలా ప్రవర్తిస్తోందన్నదే.

రాజ్యాంగం 30వ అధికరణం మైనారిటీలకు బడి పెట్టుకునే హక్కు ఇచ్చింది. 28వ అధికరణం, ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడిలో ఏ బిడ్డకూ తల్లిదండ్రుల సమ్మతి లేకుండా మతబోధ చేయరాదని చెప్పింది. ఈ రెంటి మధ్యనే కతోలిక బడి నిలబడాలి. 2024 ఏప్రిల్‌లో భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్య తన విద్యాసంస్థలకు మార్గదర్శకాలు ఇచ్చింది. సుమారు 14 వేల బడులున్న వ్యవస్థ అది. ఇతర మతాల విద్యార్థులపై క్రైస్తవ సంప్రదాయాలు రుద్దవద్దు. పొద్దుటి అసెంబ్లీలో రాజ్యాంగ ప్రవేశికను పిల్లలతో చదివించండి. దాన్ని బడి ముఖద్వారం దగ్గర పెట్టండి. వీలైతే సర్వధర్మ ప్రార్థనాలయం కోసం ఒక గది ఇవ్వండి అని అందులో ఉంది. న్యాయం, స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం. ఏ పిల్లాడూ ఇవి మావి కావు అనలేని నాలుగు మాటలు. పరలోక జపం తర్వాత వీటిని చదివించడం వల్ల బడి తన విశ్వాసాన్ని వదులుకున్నట్టు కాదు. రెండూ ఒకే అసెంబ్లీలో ఇమిడిపోతాయి.

పరీక్ష వచ్చేది అసెంబ్లీలో కాదు. కార్తీకంలో వస్తుంది. ఎనిమిదో తరగతి పిల్లాడు అయ్యప్ప మాల వేసుకుని, నల్లబట్టలతో, కాళ్ళకు చెప్పుల్లేకుండా గేటు దగ్గర నిలబడతాడు. యూనిఫాం లేదని వెనక్కి పంపాలా? ఇది ఊహ కాదు, మన రెండు రాష్ట్రాల్లో ఏటా ఏదో ఒక బడిలో నలిగే విషయమే. 2024 ఏప్రిల్‌లో మంచిర్యాల జిల్లాలోని ఒక కతోలిక బడిలో హనుమాన్ దీక్ష దుస్తులతో వచ్చిన పిల్లల విషయమై వివాదం రేగి, గుంపు వచ్చి బడి మీద దాడి చేసింది. ఆ దాడిని సమర్థించే మాట నా దగ్గర లేదు. ఆ రోజు అక్కడున్న పిల్లల గురించే ఆలోచిస్తాను. అద్దాలు పగిలిన తరగతి గదిలో పక్కపక్కన కూర్చునే ఇద్దరు స్నేహితులు మర్నాడు ఒకరితో ఒకరు ఏమి మాట్లాడుకుంటారు?

యూనిఫాం ఎందుకు పుట్టిందో బడి గుర్తుచేసుకోవాలి. ఉన్నవాళ్ళ బిడ్డ, లేనివాళ్ళ బిడ్డ ఒకేలా కనబడాలని. నలభై ఒక్క రోజుల దీక్ష బట్టలు ఆ ఉద్దేశాన్ని దెబ్బతీయవు. కాబట్టి అనుమతించాలి. ఆ సంగతి గేటు దగ్గర కాక జూన్‌లోనే, తల్లిదండ్రుల సమావేశంలో, అందరి ముందూ మాట్లాడుకోవాలి. రంజాన్ ఉపవాసంలో ఉన్న పిల్ల పీటీ పీరియడ్‌లో ఏం చేయాలో, తపస్సు కాలంలో మాంసం మానేసిన పిల్లాడిని ఎవరూ ఆటపట్టించకుండా ఏం చేయాలో కూడా అప్పుడే. ఆల్ సెయింట్స్‌లో చదువుకుని దేశ క్రికెట్ జట్టుకు కెప్టెన్ అయిన అజారుద్దీన్ ఒక ముస్లిం కుటుంబపు పిల్లాడు. ఆ బడి అతని బ్యాటింగుకు దారి ఇచ్చింది. హైదరాబాద్‌కు ఇది కొత్త విద్య కాదు.

బెత్తం సంగతి

కాన్వెంటు చదువు గురించి మనవాళ్ళు మురిపెంగా చెప్పుకునే మాటల్లో 'అప్పట్లో ఫాదర్ గారు చింతబరికెతో వాయించేవారు, అందుకే బాగుపడ్డాం' ఒకటి. ఈ మాట నాకు బాధ కలిగిస్తుంది. దెబ్బలు తిని బాగుపడినవాళ్ళు కథ చెప్పడానికి మిగిలారు. దెబ్బలకు భయపడి బడి మానేసినవాళ్ళు ఆ సంబరానికి రారు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండనతో పాటు మానసిక వేధింపును కూడా నిషేధించింది. బెత్తం పోయింది, చాలాచోట్ల. దాని స్థానంలో వచ్చిన వాటి మీదే ఇప్పుడు నా దిగులు: ఫీజు కట్టని పిల్లను క్లాసు బయట నిలబెట్టడం, వాట్సాప్ గ్రూపులో మార్కులు పెట్టడం, వెనకబడినవాళ్ళకు వేరే సెక్షన్. పైన చెప్పిన తీర్పు కూడదన్నది ఇలాంటి వాటినే. బోస్కో గారు 1877లోనే పిల్లల్ని నలుగురిలో మందలించవద్దని, ఒంటరిగా పిలిచి చెప్పమని రాశారు. ఆయన బొమ్మ ఆఫీసు గదిలో ఉన్న బడిలో ర్యాంకుల జాబితా నోటీసు బోర్డు మీద ఉండటానికి వీల్లేదు.

ఇంకా చీకటైన సంగతి ఒకటుంది, దాన్ని దాటవేసి విలువల గురించి రాయడం తప్పు. ఐర్లండ్‌లో 2009లో వెలువడిన రయన్ కమిషన్ నివేదిక, మతసభలు నడిపిన పిల్లల సంస్థల్లో దశాబ్దాల పాటు సాగిన హింసను, లైంగిక దుర్వినియోగాన్ని బయటపెట్టింది. అక్కడ ప్రార్థన జరిగేది, క్రమశిక్షణ ఉండేది, గోడల మీద సూక్తులూ ఉండే ఉంటాయి. చెప్పుకోవడానికి పిల్లలకు మనిషి లేడు. చెప్పినా నమ్మేవాళ్ళు లేరు. మన దేశంలో 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసి కూడా పోలీసులకు చెప్పకపోవడం నేరం. ఏ సంస్థ పరువూ బిడ్డ కంటే ఎక్కువ కాదు. ఫిర్యాదు ఎవరికి చేయాలో ఆరో తరగతి పిల్లకు తెలుసా? ఆ ఒక్క ప్రశ్న అడిగితే బడి సంగతి తెలిసిపోతుంది.

రోజుకు ఐదు నిమిషాలు

ఖర్చు లేని పనులు కొన్ని ఈ బడుల చేతిలోనే ఉన్నాయి. గుంటూరు నల్లపాడులోని లొయోలా పబ్లిక్ స్కూల్‌ను నడిపే జెస్విట్ సభకు పునీత ఇగ్నేషియస్ 16వ శతాబ్దంలో ఇచ్చిన అభ్యాసం ఒకటుంది. రోజు గడిచాక కాసేపు మౌనంగా కూర్చుని ఆ రోజును వెనక్కి తిరిగి చూడటం. ఎక్కడ సంతోషం కలిగింది, ఎక్కడ మనసు ముడుచుకుంది, రేపు ఏం చేయాలి. చాలా దేశాల్లో జెస్విట్ బడులు దీన్ని అన్ని మతాల పిల్లలతోనూ చేయిస్తాయి. కళ్ళు మూసుకుని తన రోజును తాను చూసుకోవడానికి ఏ మతమూ అడ్డు కాదు. తన బాధకు పేరు పెట్టడం తెలిసిన పిల్లాడు దాన్ని ఇంకొకరితో చెప్పగలడు. ఐదు నిమిషాల పని.

వైసీఎస్ (యంగ్ క్రిస్టియన్ స్టూడెంట్స్) అనే విద్యార్థి ఉద్యమం ఇంకొకటి. బెల్జియం గురువు జోసెఫ్ కార్డైన్ నేర్పిన 'చూడు, ఆలోచించు, చెయ్యి' అనే పద్ధతి దానిది. టెన్త్ పిల్లలు ఒక శనివారం బడి వెనక పేటకు వెళ్ళి నీళ్ళ ట్యాంకర్ ఎప్పుడొస్తోందో చూసి, ఎందుకలా అని మాట్లాడుకుని, మున్సిపాలిటీకి అర్జీ రాస్తే, అది సివిక్స్ పాఠం మాత్రమే కాదు. ఇంకొకరికి పనికొచ్చానన్న తృప్తి ఆ వయసు పిల్లలను నిలబెడుతుంది. 'నాకు ఎన్ని మార్కులు' అనే ఒక్క ప్రశ్నతో బతికే పిల్లకు ఆ మార్కులు పోయిన రోజున పట్టుకోవడానికి ఇంకేదో ఉండాలి.

అన్నిటికంటే ముఖ్యం క్లాస్ టీచర్. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో 35 మందికి ఒక టీచరు ఉండాలని విద్యాహక్కు చట్టం చెబుతుంది. అరవై మందిని కూర్చోబెట్టిన సెక్షన్‌లో టీచరు ముఖాలను కాదు, రోల్ నంబర్లను చూస్తుంది. తప్పు ఆమెది కాదు. సీట్లకు గిరాకీ ఉంది కదా అని సెక్షన్లు నింపుకుంటూ పోయే యాజమాన్యం, ఎంత మంచి కౌన్సెలర్‌ను పెట్టినా, ఆ పిల్లల్లో ఎవరు పది రోజులుగా టిఫిన్ బాక్సు తెరవడం లేదో తెలుసుకోలేదు. అది కనిపెట్టగలిగేది రోజూ చూసే మనిషే.

పదో తరగతి తర్వాత మన పిల్లలకు జరిగేది తెలిసిందే. పదేళ్లు ఒకే బడిలో, ఒకే సిస్టర్ కళ్ళముందు పెరిగిన పిల్ల జూన్ వచ్చేసరికి ఓ కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో, వందలమందిలో ఒక అడ్మిషన్ నంబరై ఉంటుంది. వారానికో పరీక్ష, వారానికో ర్యాంకు. మన కతోలిక హైస్కూళ్ళు ఎక్కువ భాగం పదో తరగతితో ఆగిపోతాయి. తమ బాధ్యత కూడా అక్కడితో ఆగిందనే అనుకుంటాయి. టీసీ ఇచ్చేసి, ఫేర్‌వెల్‌లో కన్నీళ్ళు తుడుచుకుని, మర్నాడు కొత్త అడ్మిషన్లలో పడిపోతాయి. పదహారేళ్ల పిల్లకు బడి అండ అంతకంటే అవసరమైన సమయం ఇంకోటి రాదు.

బడులు ఈ ఏడాది నుంచే ఒక పని చేయవచ్చు. టెన్త్ క్లాస్ టీచర్లు తమ సెక్షన్ పిల్లలను ఇంటర్ రెండేళ్లూ వదలకూడదు. హాస్టల్లో ఫోన్లు ఉండవు కాబట్టి ఆగస్టులో, మొదటి ర్యాంకులు వచ్చిన వారంలో, తల్లిదండ్రులకు ఫోన్ చేయాలి. దసరాకు పిల్లలు ఊరికి వచ్చినప్పుడు ఒక పూట బడి గేటు తెరిచి ఉంచి, పాత పిల్లలు రావచ్చని ముందుగానే కబురు పెట్టాలి. వచ్చినవాళ్ళతో మార్కుల ఊసు ఎత్తకూడదు. రానివాళ్ళ జాబితా రాసుకుని, వాళ్ళ ఇళ్ళకు ఆ సాయంత్రమే ఎవరో ఒకరు వెళ్ళాలి.